బ్యాగు మీద రుమాలు

ఆ రైల్లో రుమాలు అంటే మనిషి.

పొద్దున్నే పనులకు పోయేవాళ్లతో నిండిపోయే రైలు అది. మొదటి స్టేషన్‌లో ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్లలో ఎక్కబోయే తమవాళ్ల కోసం సీట్ల మీద రుమాళ్లు వేసి ఉంచేవారు. ఒక్కోసారి తువ్వాలు, ఒక్కోసారి మడిచిన పేపరు, ఏదీ లేకపోతే గొడుగు. వాటిని జరిపి ఎవరూ కూర్చునేవారు కాదు. చూడ్డానికి ఖాళీగా ఉన్న ఆ సీట్లో, ఇంకా రాని మనిషి అప్పటికే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టే.

ఇలా సీట్లు పట్టడంలో బొత్తాలక్కకు పేరుంది. చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాజాలు తీసి బొత్తాలు కుట్టడం ఆమె పని. కుట్టేటప్పుడు రెండు బొత్తాలు పెదవుల మధ్య పట్టుకునే అలవాటు వల్ల మాటలు తక్కువ. పెళ్లయిన కొత్తలోనే భర్త పని వెతుక్కుంటానని వెళ్లి, వేరే ఊళ్లో వేరే ఇల్లు పెట్టుకున్నాడు. ఆ కబురు చెప్పడానికి తమ్ముడు కార్ఖానాకు వచ్చినప్పుడు, ఆమె చేతిలోని చొక్కాకు ఆఖరి బొత్తాం కుట్టి, దారం పంటితో తెంపి, అప్పుడు లేచింది. తర్వాత ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

సైకిళ్ల రిపేరు కొట్టు పైన ఒక గది ఆమెది. పొద్దున్నే కింద ఎవరో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చరు వెతుకుతుంటే, ఆ బుడగల చప్పుడుకు మెలకువ వచ్చేది. ఒక గిన్నె, ఒక గ్లాసు, ఒక దుప్పటి. గదిలో అన్నీ ఒక్కొక్కటే. రైల్లో మాత్రం ఆమె దగ్గర రుమాళ్లు మూడు ఉండేవి.

పసుపు రుమాలు పంతులమ్మది. ఆమె రెండో స్టేషన్‌లో ఎక్కేది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లజోడు, పిల్లలకు లెక్కలు చెప్పీ చెప్పీ గీరుకుపోయిన గొంతు. తెల్ల రుమాలు ఆ తర్వాతి స్టేషన్‌లో ఎక్కే నర్సుది. నీలం తనది. కార్ఖానాలో మిగిలిన గుడ్డముక్కలకు అంచులు మడిచి బొత్తాలక్కే కుట్టింది. అప్పుడప్పుడూ ఎవరి రుమాలు వాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఉతికి తెచ్చేవారు.

కిటికీ పక్క సీటు పంతులమ్మది. అందులో బేరం లేదు. ఒకసారి ఎవరో కుర్రాడు తెల్ల రుమాలు మీద దర్జాగా కూర్చుని చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. పంతులమ్మ వాడి భుజం తట్టి, "నాయనా, నువ్వు కూర్చున్నది సీట్లో కాదు, మా నర్సమ్మ ఒళ్లో" అంది. వాడు తేలు కుట్టినట్టు లేచాడు. పెట్టెంతా నవ్వింది. బొత్తాలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన స్టేషన్ వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. ఆమె పకపకా నవ్వగా చూసింది ఆ రైలొక్కటే.

ఆ రైలుకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరిదో బ్యాగు సీట్లో ఉందనుకోండి. ఆ బ్యాగు కూడా మనిషే, దాన్ని తియ్యకూడదు. కాని దాని మీద మన రుమాలు వెయ్యవచ్చు. ఈ మనిషి దిగిపోతే తర్వాత కూర్చునేది మేము అని దానికి అర్థం. దాన్ని రెండో రుమాలు అనేవారు. అలాంటి బ్యాగు ఎవరిదని అడగడం మర్యాద కాదు. అడిగితే ఎదుటి మనిషిని అనుమానించినట్టు ఉంటుంది. ఒకరి చోటు ఒకరు కాచుకునే చోట అనుమానం ఎందుకు?

ఆ రోజు బొత్తాలక్క ఎక్కేసరికి పంతులమ్మ కిటికీ పక్కన ఒక నల్ల బ్యాగు ఉంది. మనిషి లేడు. గాలి కోసం ద్వారం దగ్గర నిలబడ్డాడేమో అనుకుంది. పసుపు రుమాలు ఉతకడానికి పంతులమ్మ ఇంటికి పోయింది కాబట్టి తన నీలం రుమాలు తీసి, నాలుగు మూలలూ సర్ది, ఆ బ్యాగు మీద పరిచింది. పంతులమ్మ ఎక్కి, దాన్ని చూసి, మూతి ముడుచుకుని పక్క సీట్లో సర్దుకుంది. నర్సు ఎక్కాక, ఎవరో రోగి తనకు పెళ్లి సంబంధం చెప్పిన కథ మొదలైంది.

మధ్యలో ఒక కొత్తమ్మాయి ఎక్కింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, కాళ్లకు కొత్త చెప్పులు, మడమ దగ్గర ఒరుసుకుపోయిన ఎర్రటి గీత. బ్యాగు తీస్తే కూర్చుంటానని అడిగింది. పంతులమ్మ నీలం రుమాలు మీద అరచెయ్యి ఆనించి, "అది మా వాళ్లదమ్మా, పక్క పెట్టెలో చూడు, ఖాళీ ఉంటుంది" అంది. ఆ అమ్మాయి ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది.

బొత్తాలక్క స్టేషన్ చివరిదానికి ముందుది. ఆమె లేచి రుమాలు తీసుకోబోతే పంతులమ్మ ఆపింది.

"ఉంచవే. ఈ మహానుభావుడు ఎప్పుడు దిగుతాడో చూసి, చివరి స్టేషన్ దాకానైనా నా కిటికీలో కూర్చుంటా. నీ రుమాలు ఉతికి రేపు తెస్తాలే."

ఆ తర్వాత బొత్తాలక్క కార్ఖానాలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది. ముందున్న రేకు డబ్బాలో బొత్తాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. బయట పెద్ద లారీ ఏదో పోయిందనుకుంది. కటింగ్ మాస్టరు కత్తెర పట్టుకునే వీధిలోకి పరుగెత్తాడు. డబ్బాలో బొత్తాలు ఇంకా సన్నగా వణుకుతూ ఉన్నాయి. అవి ఊరుకునేదాకా ఆమె వాటినే చూసింది.

*

పేలుడు తర్వాత ఆ పెట్టెలో పంతులమ్మ లేదు, నర్సు లేదు, రోజూ ఎదురు బల్ల మీద పేకాడుకునేవాళ్లు లేరు. పక్క పెట్టెలోకి వెళ్లిన కొత్తమ్మాయి ఒక చెవి వినికిడి పోగొట్టుకుని బతికింది. దర్యాప్తు చేసే అధికారులు అడిగినప్పుడు చూసింది చూసినట్టు చెప్పింది. కిటికీ పక్క సీట్లో నల్ల బ్యాగు, దాని మీద నీలం రుమాలు, దాన్ని మా వాళ్లదే అన్న పెద్దావిడ. పేలింది ఆ సీట్లోనే.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అదే బొత్తాలక్కకు మింగుడుపడనిది.

రుమాలు గుర్తు అయింది. మా వాళ్లు అన్న మాట ముఠా అయింది. ఆ ముసలామె చనిపోవాలనే కూర్చుందా, లేక దిగేలోపే పేలిందా అని పేపర్లు రాశాయి. పంతులమ్మ ఇంట్లో అల్మారాలు తెరిచి, పిల్లల లెక్కల కాగితాలు కూడా సంచుల్లో వేసుకుని పోయారు. బడి గోడ మీద దండ వేసి పెట్టిన ఆమె ఫోటోను ఎవరో చప్పుడు చెయ్యకుండా తీసేశారు. మేకు మాత్రం మిగిలింది.

పరామర్శకు వెళ్లినప్పుడు పంతులమ్మ భర్త తలుపు సగమే తెరిచాడు. పంతులమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి బొత్తాలక్క ఆయన్ని బావగారూ అనే పిలిచింది. లోపల ఒకే కుర్చీ హాలు మధ్యలో ఉంది. వీధిలో పలకరించేవాళ్లు లేరనీ, కొట్టుకు వెళ్తే మాటలు ఆగిపోతున్నాయనీ ఆయన మామూలుగా చెప్పాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. ఆమె వెళ్లబోతుంటే అడిగాడు.

"నీకు తెలుసు కదమ్మా. నిజంగా ఆ బ్యాగు మనదే అందా?"

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. పంతులమ్మ చెయ్యి వేసింది బ్యాగు మీద కాదు, తన రుమాలు మీద. ఈ ముక్క చెప్పగల మనిషి ఇప్పుడు భూమ్మీద తనొక్కతే.

తమ్ముడు, మరదలు వచ్చి బతిమాలారు. తమ్ముడి వాదన తీసిపారెయ్యదగింది కాదు. పోయినవాళ్లను ఎవరూ జైల్లో పెట్టలేరు, బతికున్నవాళ్లను పెడతారు. ఆ రుమాలు నాదే అని నీ నోటితో నువ్వే అంటే మొత్తం నీ తలకు చుట్టుకుంటుంది అన్నాడు. మరదలు కన్నీళ్లు పెట్టుకుంది, పిల్లల్ని బడిలో ఏమంటారోనని. బొత్తాలక్క అన్నీ విని, "పంతులమ్మక్క పేరు మీద పడింది కదరా. రుమాలు నాదైతేను" అంది. అంతకుమించి చెప్పడం ఆమెకు చేతకాలేదు.

*

ఆ రుమాలు నాదే అని చెప్పడానికి ఆమె తనే వెళ్లింది. దర్యాప్తు ఆఫీసు పాత బ్యాంకు భవనంలో ఉండేది. గోడకు ఆనించిన బల్ల మీద ఆమెను కూర్చోబెట్టేవారు. ఎదురుగా అద్దంలో గుండ్రటి కంత, ఒకప్పుడు క్యాషియరు అందులోంచే మాట్లాడేవాడు. పెద్దాఫీసరు చిన్న గొంతువాడు, మర్యాదస్తుడు. ఎప్పుడూ కసరలేదు. అడిగిందే అడిగేవాడు.

"ఎవరిదో తెలియని బ్యాగు మీద నీ రుమాలెందుకు వేశావమ్మా?"

"సీటు కోసం సార్."

"సీట్లో బ్యాగుంది కదా."

"దిగుతారు కదా సార్ ఎప్పుడో."

"బ్యాగు ఎవరిదని అడగలేదా?"

"అలా అడగం సార్. బాగుండదు."

ఆయన పెన్ను కింద పెట్టి ఆమెను చాలాసేపు చూశాడు. ఇంత అమాయకపు అబద్ధం ఎవరైనా ఆడతారా, లేక ఇంత అమాయకపు నిజం ఎక్కడైనా ఉంటుందా అని తూచుతున్నట్టు.

మళ్లీ పిలిచారు, మళ్లీ పిలిచారు. భర్త ఎక్కడున్నాడని అడిగితే తెలియదంది. అదీ అనుమానమే అయింది. కార్ఖానాకు మనుషులు వచ్చి వెళ్లారు. కటింగ్ మాస్టరు మంచివాడే. నేల చూపులు చూస్తూ, కొన్నాళ్లు ఇంట్లోనే కుట్టమనీ, చొక్కాలు తానే పంపిస్తాననీ చెప్పాడు. సైకిల్ కొట్టువాడు ఆమె మెట్లు దిగుతుంటే పంపు కొట్టడం ఆపేసేవాడు. పొద్దున్నే బుడగల చప్పుడుకు మెలకువ వచ్చి, ఎక్కాల్సిన రైలు లేక, ఆమె దుప్పటిలోనే కళ్లు తెరుచుకుని పడుకునేది. దూరంగా కూత వినిపించేది. ఇప్పుడు రెండో స్టేషన్, ఇప్పుడు మూడోది అనుకునేది. పడుకున్న చోటే రైలంతా ప్రయాణం చేసేది.

ఒకరోజు ఆమే అంది, రైల్లోకి వచ్చి చూడండి సార్, అందరూ అలాగే వేస్తారు అని. ఆఫీసరు సరేనన్నాడు. మామూలు చొక్కాతో, చంకలో గొడుగుతో, ఎక్కడికో ఉద్యోగానికి పోయేవాడిలా వచ్చాడు.

పేలుడు తర్వాత ఆమె ఆ రైలెక్కడం అదే మొదటిసారి. లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయింది. ఒక్క సీటు మీదా రుమాలు లేదు. పేపరు లేదు, గొడుగు లేదు. ఎవరి సంచి వాళ్ల ఒళ్లో ఉంది, రెండు చేతులూ దాని మీద ఉన్నాయి. పేకాట లేదు. ఎక్కినవాళ్లు ముందు సీటు కింద వంగి చూసి, తర్వాత కూర్చుంటున్నారు. తను నిరూపించాల్సిన పద్ధతి ఆ పేలుడులోనే పోయింది. నిరూపించడానికి పెట్టెలో ఏమీ మిగల్లేదు.

అయినా ఇంట్లో కొత్తగా కుట్టుకున్న రుమాలు తీసి కిటికీ పక్కన పరిచి, దూరంగా నిలబడింది. మూడో స్టేషన్ దాటాక ఒక ముసలాయన దాన్ని చూశాడు. ఇదెవరిది అన్నాడు. ఆ మాట నోటినుంచి నోటికి పోయేసరికి గొంతు పెరిగింది. జనం ఒకరినొకరు తోసుకుంటూ ద్వారాల వైపు పోయారు. రైల్వే పోలీసు వచ్చి లాఠీ కొనతో రుమాలు ఎత్తి, కింద ఏమీ లేదని చూసి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు. అది గాలిలో ఒకసారి విచ్చుకుని, పట్టాల పక్క తుప్పల్లో పడింది.

ఆఫీసరు గొడుగు చంకలో సర్దుకుని ద్వారం వైపు కదిలాడు.

"ఇంకొక్కసారి చూడండి సార్," అంది దిగేటప్పుడు. "వాళ్లు భయపడ్డారు. మేము భయపడేవాళ్లం కాదు. అదే నేను చెప్పేది."

ఆయన మళ్లీ వచ్చాడు. నమ్మి వచ్చాడో, వేరే దారులన్నీ మూసుకుపోయి వచ్చాడో ఆమెకు తెలియదు. ఈసారి రైల్వే పోలీసుకు ముందే చెప్పి ఉంచారు. ఆమె రుమాలు పరిచి, ఎదురు సీట్లోనే కూర్చుంది, ఎవరైనా అడిగితే నాదే అనడానికి. జనం చూశారు. ఆమె ముఖం చూశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ కూర్చోలేదు. పెట్టె నిండి మనుషులు కడ్డీలు పట్టుకుని వేలాడుతుంటే, ఆ ఒక్క సీటు మధ్యలో చిన్న ద్వీపంలా ఉంది. ఆఫీసరు గొడుగు మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. భయపడి వదిలేసిన సీటుకూ, మర్యాదతో వదిలిన సీటుకూ కంటికి తేడా ఏముంటుంది?

ఆమె స్టేషన్ దగ్గరపడుతుండగా ఒక ఆడమనిషి ఎక్కింది. రాత్రంతా మిల్లులో నిలబడి వచ్చిన మనిషి, జుట్టులో నూలు పోగులు, మూతలు పడే కళ్లు. ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుంది. రెండో చేత్తో, చూసీ చూడనట్టు, చంకలో మడిచి ఉన్న పేపరు తీసి ఆ రుమాలు మీద పెట్టింది. అంచు సరిచేసింది. నిలబడే కళ్లు మూసుకుంది.

ఆఫీసరు లేచి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఏమ్మా, ఆ పేపరు అక్కడెందుకు పెట్టావు?"

ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. పేపరు వైపూ, ఆయన వైపూ చూసి విసుక్కుంది.

"ఎవరో ఉన్నారుగా అక్కడ. వాళ్లు దిగితే నేను."

"ఎవరున్నారు?"

"ఏమో. నాకేం తెలుసు. రుమాలుంది కదా."

తర్వాత ఆఫీసరు అడగ్గా చెప్పింది, చాలాకాలం పగటి డ్యూటీలో ఉండి ఈ పూట రైలెక్కడం మానేశానని, ఈ వారమే మళ్లీ రాత్రి పనికి మారానని. తనేం తప్పు చేసిందో ఆమెకు అర్థం కాలేదు. నిద్రమత్తులో చెయ్యి దాని పాత పని అది చేసుకుంది.

ఆఫీసరు వచ్చి బొత్తాలక్క పక్కన నిలబడ్డాడు.

"మీ టీచరమ్మగారి కిటికీ ఏ వైపు ఉండేది?" అన్నాడు. మొదటిసారి గారు అన్నాడు.

"ఎండ పడని వైపు సార్."

*

అసలు బ్యాగు పెట్టినవాళ్ల కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. పంతులమ్మ పేరు మాత్రం అనుమానితుల్లోంచి తీసేశారు, చనిపోయినవాళ్లలో చేర్చారు. పేపర్లు ఆ సంగతి ఎక్కడో మూల వేశాయి. బడిలో ఫోటో మళ్లీ గోడెక్కింది. పాత మేకు ఊడిపోయిందేమో, కొంచెం కిందికి కొత్త మేకు కొట్టారు. బొత్తాలక్క వెళ్లి చూసింది. పంతులమ్మ కళ్లజోడు ఫోటోలో కూడా జారే ఉంది.

కటింగ్ మాస్టరు కబురు పెట్టాడు, వచ్చి నీ చోట్లో కూర్చోమని. సైకిల్ కొట్టువాడు మళ్లీ పంపు కొడుతున్నాడు. కాని ఒకసారి ఆగిన మాటలు అన్నీ తిరిగి రావు. తమ్ముడు వస్తాడు, కుర్చీ అంచున కూర్చుని వెళ్తాడు.

బావగారికి కబురు ముందే అందింది. అయినా ఆమె వెళ్లింది. ఈసారి తలుపు పూర్తిగా తెరిచాడు. తడబడుతూ తానే టీ పెట్టి ఇచ్చాడు, పంచదార మరిచిపోయాడు. ఆమె చెప్పలేదు. ఆయన జేబులోంచి పసుపు రుమాలు తీసి చూపించాడు. ఆ పొద్దున తాడు మీద ఆరుతూ ఉండిపోయింది. ఇస్తాడనుకుని ఆమె చెయ్యి కొంచెం చాచింది. ఆయన మళ్లీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు.

"ఇంట్లో కూడా కిటికీ దగ్గర నన్ను కూర్చోనిచ్చేది కాదమ్మా," అన్నాడు. ఖాళీ గ్లాసు అందుకుంటూ, "ఆ రైలు నేనెప్పుడూ ఎక్కలేదు. ఒకరోజు వస్తాను. నాకు సీటు పడతావా?"

"పడతాను బావగారూ."

మర్నాడు ఆమె మొదటి స్టేషన్‌లో ఎక్కి, ఎండ పడని వైపు కిటికీ పక్కన ఒక రుమాలు పరిచి, పక్క సీట్లో కూర్చుంది. ఎవరైనా ఉన్నారా అని ఒకాయన అడిగాడు, భయంగా. వచ్చే స్టేషన్‌లో ఎక్కుతారు అంది. రెండో స్టేషన్ వచ్చింది. కిటికీలోంచి చూసింది. బావగారు ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. పెట్టె ద్వారం ఆయనకు ఎదురుగానే ఆగింది. జనం ఆయన్ని రాసుకుంటూ ఎక్కారు. ఆయన కడ్డీ మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. రైలు కదిలింది. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడి చూస్తున్నాడు.

ఆ తర్వాతి రోజూ అంతే. ఇప్పటికీ అంతే. ఆయన వస్తాడు, ఎక్కడు. ఎందుకని ఆమె అడగలేదు. రైలు ఆగినంతసేపూ ఆమె కిటికీలోంచి రుమాలు మీద చెయ్యి ఆనించి చూపిస్తుంది, సీటు ఉంది అన్నట్టు. ఆయన చూశానన్నట్టు తలూపుతాడు.

ప్లాట్‌ఫారం చివర దాటి ఆయన కనబడకుండా పోయాక, ఆమె రుమాలు తీసి నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంటుంది. దగ్గర్లో నిలబడ్డవాళ్ల వైపు తిరిగి, "కూర్చోండి, ఈ రోజు రావట్లేదు" అంటుంది.